నాగులమ్మ ముక్కు

నాగులమ్మ స్థిమితంగా కూర్చోగా నేను చూడలేదు. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో నాది టైలరింగు షాపు. షాపు అరుగు చివర ఆమె చేపల బేసిను పెట్టుకుంటుంది. అరుగు నాది, నీడ నాది, వాసన ఆమెది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కొలతలిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. వేరే చోటు చూసుకోమని ఎన్నిసార్లు అన్నానో. "పోతాలే అక్కా, ఈ రెండు జెల్లలు పోనీ" అనేది. ఆ రెండు జెల్లలు ఇన్నేళ్ళయినా అమ్ముడుపోలేదు.

మనిషి సన్నగా, ఎండుపుల్లలాగా ఉంటుంది. చేతులు పొలుసు తీస్తుంటాయి, కళ్ళు రోడ్డు మీద ఉంటాయి. ప్రతి హారనుకీ తలెత్తుతుంది. బేరం మధ్యలో లేచిపోయి ఉదయగిరి బస్సు వచ్చిందేమో చూసి వస్తుంది. వచ్చినా ఎక్కదు, బేసిను ఖాళీ కాలేదు కదా. "ఏంది మే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లి మాదిరి" అని కసిరితే, "ఇంటికాడ పిలకాయ ఒక్కడే ఉండాడక్కా" అనేది.

ఆ పిలకాయ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. బళ్ళో సురేశ్‌బాబు, ఇంట్లో చిన్నా. తొమ్మిదో తరగతి.

ఉదయగిరి బస్సెక్కి సగం దారిలో దిగి లోపలికి నడిస్తే ఒక చెరువు వస్తుంది. కట్ట కింద పిడికెడు ఇళ్ళు, అదే వాళ్ళ కాలనీ. నీళ్ళున్నన్నాళ్ళు చేపలు, ఎండిపోతే సంగం వైపు కాలువ కింద నాట్లకూ కోతలకూ పోతారు. పడవలు కొనే స్తోమత వాళ్ళకు లేదు. లారీ చక్రంలోపలి ట్యూబుకు గాలి కొట్టి, దాని మీద కూర్చుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయి సాయంత్రం వల కడతారు, తెల్లారగానే పోయి ఎత్తుకొస్తారు. ట్యూబు లేని ఇల్లు ఆ కాలనీలో ఉండదు.

చలి నీళ్ళలో దిగేముందు మగవాళ్ళు ఒక గుక్క వేసుకోవడం అక్కడ మామూలు. అడిగితే "చలికి" అంటారు. మీసం రాని పిల్లవాడికైనా, మొదటిసారి నీళ్ళలోకి దిగే రోజున సీసా మూతతో కాస్త పోస్తారు. స్వెట్టరు తొడిగినట్టే అనుకుంటారు తప్ప తప్పనుకోరు. నాగులమ్మ మొగుడు ఓబయ్య ఎండాకాలంలో కూడా చలికే తాగేవాడు. ఒక పొద్దున వల ఎత్తడానికి పోయాడు, ట్యూబు ఒక్కటే గట్టుకొచ్చింది.

అప్పటికి చిన్నా పలక పట్టుకునే వయసువాడు. దినాలు కూడా కాకుండానే నాగులమ్మ మొగుడి ట్యూబు తీసుకుని తానే చెరువులోకి దిగింది. ఆడమనిషి ట్యూబు ఎక్కడమేమిటని వాళ్ళలో వాళ్ళకే వింత. ఆమె అన్న హుసేనయ్య, కాలనీలో పెద్దమనిషి, కేకలేశాడట. ఈమె వినలేదు. చిన్నాను మాత్రం నీళ్ళలోకి దిగనివ్వనని, మందు వాసన తగలనివ్వనని నీళ్ళలో వెతికి తెచ్చిన ఓబయ్య శవం ముందర ఒట్టు పెట్టుకుంది.

ఒట్టు పెట్టుకున్న మనిషి ఊరుకుంటుందా? ముక్కును పనిలో పెట్టింది. రోజూ సాయంత్రం చిన్నా ఇంట్లో అడుగు పెట్టేముందు గడప దగ్గర నిలబడి నోరు తెరిచి "హా" అనాలి. ఈమె ముక్కు దగ్గర పెట్టి చూస్తుంది. సారా, బీడీ, గుట్కా ఏ వాసనా లేకపోతే "పో, అన్నం తిను" అంటుంది. చిన్నప్పుడు వాడికది ఆట. పెద్దయ్యాక స్నేహితుల ముందర కూడా వదలకపోయేసరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కాలనీలో పిల్లలు నాగులమ్మను చూడగానే అందరూ వరసగా నిలబడి నోళ్ళు తెరిచేవాళ్ళు, ఎగతాళికి. నేనూ ఆటపట్టించాను. "ఆ ముక్కు పోలీసు స్టేషనుకు అద్దెకివ్వు మే, కుక్క ఖర్చు తగ్గుతుంది" అన్నాను. ఆమె నవ్వేది కాదు. "నవ్వండక్కా. నా ముక్కుండగా నా కొడుకు మీదికి సీసా రాదు" అనేది.

నిజంగానే సీసా రాలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. ట్యూబులకు తుమ్మముళ్ళు గుచ్చుకుంటాయి, రాళ్ళు గీసుకుంటాయి. అతుకులు వేసుకోవాలి. అతుకు వేసే జిగురు చిన్న రేకుగొట్టంలో వస్తుంది. పంక్చరు షాపుల్లో వాడేదే, వీళ్ళ నోట్లో సులేషను. చిన్నాకు అతుకుల పనిలో చెయ్యి భలే తిరిగింది. చిల్లున్న చోట గరుకు కాగితంతో రుద్ది, సులేషను పూసి, ఆరనిచ్చి, ముక్క అంటించి, సుత్తితో తట్టి ఇస్తే ఇంకది ఊడేది కాదు. కాలనీలో అందరి ట్యూబులూ వాడి దగ్గరికే వచ్చేవి. కొడుకు నీళ్ళలో దిగకుండా గట్టు మీదే ఉండే పని దొరికిందని నాగులమ్మ పొంగిపోయింది. బేసిను ఖాళీ అయిన రోజున నా షాపు ఎదురుగానే సులేషను గొట్టాలు కొని కొంగున ముడేసుకుని పోయేది. "మా చిన్నాకక్కా" అని నాకు చూపించేది. వేరేవాళ్ళు పిల్లల కోసం కొన్న మిఠాయి పొట్లం చూపించినట్టు.

వానాకాలంలో వాడు తలుపు దగ్గరికి లాగి ఇంట్లోనే కూర్చుని అతుకులేసేవాడు. ఇంటినిండా ఆ వాసనే. వాడి చొక్కాకు, దుప్పటికి, జుట్టుకు అదే. అన్నంలో కూడా అదే వచ్చేదట. సాయంత్రం "హా" అన్నప్పుడు నోట్లోంచి ఆ వాసన వస్తే నాగులమ్మకు లోపల హాయిగా ఉండేది. పిలకాయ ఈ రోజు పని చేశాడు, ఎక్కడా తిరగలేదు అనుకునేది.

తర్వాత వాడు చిక్కిపోసాగాడు. ముక్కు ఎప్పుడూ కారేది. మూతి చుట్టూ ఎర్రగా చిట్లింది. పిలిస్తే పలకడు, పలికితే కొట్టినట్టు పలుకుతాడు. ఒకరోజు కంచం విసిరేశాడు. నాగులమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది, టానిక్కు తాగించింది. బళ్ళో మధులత టీచరు కబురు చేసి పిలిపించింది. పిల్లవాడు క్లాసులో తూలుతున్నాడు, సగం రోజులు రావడమే లేదు అని చెప్పింది. నాగులమ్మ బడి వరండాలోనే, పిల్లలందరూ చూస్తుండగా, "నోరు తెరవరా" అంది. వాడు తెరిచాడు. ఈమె వాసన చూసి, "సారా లేదు, బీడీ లేదు టీచరమ్మా. మావోడు మంచోడు, ఒంట్లో బలం లేదంతే" అని చెప్పి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. టీచరు ఏదో అనబోతే వినలేదు. అంత గట్టిగా ఎవరైనా నమ్మితే ఎదుటివాళ్ళు ఏం చెప్తారు?

శ్రావణంలో ఒక పొద్దున నాగులమ్మకు జ్వరం వచ్చింది. ముందురోజు సాయంత్రం కట్టిన వల చెరువులోనే ఉంది. తల్లి లేవలేకపోతోందని చిన్నా చెప్పకుండా ట్యూబు తీసుకుని దిగాడు. ఈమెకు మెలకువ వచ్చి చూస్తే మంచం పక్కన వాడు లేడు, గోడకు ట్యూబు లేదు. జ్వరంతోనే కట్ట మీదికి పరుగెత్తింది.

వాడు చెరువు నడిమధ్యలో ఉన్నాడు. నవ్వుతున్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చేతులు ఊపుతున్నాడు. ఆ తర్వాత ట్యూబు మీద లేచి నిలబడబోయాడు. కట్ట మీద నుంచి ఈమె "కూర్చోరా, చిన్నా, కూర్చో" అని అరుస్తూనే ఉంది. వాడు చెయ్యి ఊపి నీళ్ళలోకి అడుగేశాడు, మెట్టు దిగుతున్నట్టు. పక్కనే వల ఎత్తుతున్న హుసేనయ్య జుట్టు పట్టుకుని లాగకపోతే ఆ రోజు కూడా ట్యూబు ఒక్కటే గట్టుకొచ్చేది.

గట్టు మీద పడేసి పొట్ట నొక్కితే నీళ్ళు కక్కాడు. "తాగినాడు మే నీ కొడుకు! వాళ్ళ నాయన మాదిరే తాగినాడు" అని హుసేనయ్య అరిచాడు. నాగులమ్మ వాడి నోటి మీద ముక్కు పెట్టింది.

"లేదన్నా. తాగలేదు. ఏం వాసనా లేదు. పని చేసినాడు, సులేషను వాసన, అంతే."

చొక్కా విప్పితే లోపల ప్లాస్టిక్ కవరు, దాంట్లో తడిగుడ్డ ఉన్నాయి. అవేంటో ఆమెకు అప్పటికీ అర్థం కాలేదు.

ఆత్మకూరు ఆసుపత్రికి ఆటోలో తెచ్చారు. నాకు కబురొస్తే షాపు మూసి పరుగెత్తాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కూతురి వయసుంటుంది. వాడి మూతి చుట్టూ ఉన్న ఎరుపు చూసింది, కళ్ళు చూసింది, వంగి వాసన చూసింది. "ఏంటమ్మా ఈ వాసన?" అని అడిగింది.

"అది మా ఇంటి వాసనమ్మా" అంది నాగులమ్మ.

డాక్టరమ్మ వాడి చొక్కాలో దొరికిన ప్లాస్టిక్ కవరు చూపించి మెల్లగా చెప్పింది. దీంట్లో ఆ జిగురు పిండి, మూతికి పెట్టుకుని పీలుస్తారమ్మా. తల తిరుగుతుంది, లేనివి కనిపిస్తాయి, ఆకలి చచ్చిపోతుంది. మెదడు పాడవుతుంది. పీల్చగా పీల్చగా ఒక్కోసారి గుండె టక్కున ఆగిపోతుంది. ఎన్నాళ్ళ నుంచి పీలుస్తున్నాడు?

నాగులమ్మ నా వైపు చూసింది. నేను ఆమె కొంగు వైపు చూశాను. ముడి విప్పలేదింకా, దాంట్లో కొత్త గొట్టం ఉంది.

తెలివి వచ్చాక చిన్నా మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. "ఎందుకురా? నాకెందుకు చెప్పలేదు?" అని ఈమె వాడి వీపు మీద కొడుతోంది, ఏడుస్తోంది, నిమురుతోంది, మళ్ళీ కొడుతోంది. వాడు గోడవైపే చూస్తూ అన్నాడు. "రోజూ వాసన చూసేదానివి గదా మా. చూసి, పో అన్నం తిను అనేదానివి. తప్పయితే నీకు తెలియదా అనుకున్నా."

ఆ మాట నేను విన్నాను. వాడు దబాయింపుకన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. సగం అదీ సగం ఇదీ అయి ఉంటుంది. ఆ వయసులో నిజమూ సాకూ వేరు వేరుగా ఉండవు. నాగులమ్మ మాత్రం అక్కడే నేల మీద కూలబడి తన ముక్కును తానే అరచేత్తో కొట్టుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

అప్పటి నుంచి ఆమె తిరుగుడు ఇంతకుముందుది కాదు. కొడుకు నీడలాగా తిరిగింది. బడికి వాడు పోతే బడి గోడ బయట ఈమె. వాడు చెంబు పట్టుకుని చెట్ల వెనక్కి పోతే ఈమె అటు తిరిగి నిలబడి దగ్గుతూ ఉండేది. నిద్రలో వాడి ఊపిరి వింటూ పడుకునేది, పడుకోవడం అంటే అదే. నెల్లూరులో ఇలాంటివి చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన, "కాపలా కాయడం ఒక్కటే చాలదమ్మా, మాట్లాడాలి. వాడికి ఏదో ఒక పని ఉండాలి, ఒంటరిగా వదలకూడదు" అన్నాడు. మాట్లాడడం ఆమెకు రాదు. "ఏం మాట్లాడాలక్కా వాడితో?" అని నన్ను అడిగింది. ఇరవై నాలుగు గంటలూ వాగే మనిషి.

వాడు మాత్రం ఊరికే ఉన్నాడా? చేతులు వణికేవి, ఉన్నచోట ఉండలేకపోయేవాడు. ఒకరోజు బళ్ళోంచి గోడ దూకి పోయాడు. నాగులమ్మ దొరికిన బస్సల్లా ఎక్కింది. దుత్తలూరులో దిగి ప్రతి సైకిలు షాపులో అడిగింది, ఉదయగిరిలో దిగి పంక్చరు షాపుల వెనక చెత్తకుప్పలు వెతికింది. చివరికి ఉదయగిరి బస్టాండులో బెంచీ మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. మూతి దగ్గర వాసన ఉంది. ఈమె కొట్టలేదట. పక్కన నిలబడి, "బస్సు ఎక్కుదాం రా అబ్బయ్యా" అందట.

ఆ మర్నాడు నేనూ ఆమె వెంట పోయాను. నా కోపం సంగతి ఈ సందులో అందరికీ తెలుసు. ఆత్మకూరులో నాకు తెలిసిన షాపులన్నీ ఎక్కి దిగి, పిల్లలకు సులేషను అమ్మితే ఊరుకోనన్నాను. "పంక్చరు షాపులో సులేషను అమ్మొద్దంటే ఏం అమ్మాల మే, ఇడ్లీలా?" అన్నాడొకడు. మీ పిల్లలే వచ్చి కొంటే ఏం చేస్తావు అని అడిగితే, "మా పిల్లలు అట్టాంటోళ్ళు కాదు" అన్నాడు. నాగులమ్మ వాడి ముఖంలోకి చూసి, "నేనూ అంతే అనుకున్నాను నాయనా" అంది. మా రోడ్డులో పంక్చర్లు వేసే దయాసాగర్ ఒక్కడే తలూపి, పెద్దవాళ్ళకు తప్ప ఇవ్వనని మాటిచ్చాడు. ట్యూబులు తెస్తే తనే అతుకులు వేసిస్తానన్నాడు.

ఇంక ఇంటి దగ్గరి పని మిగిలింది. ఒక సాయంత్రం నాగులమ్మ కాలనీలో ప్రతి గడప దగ్గరా నిలబడి పిల్లల్ని పిలవమంది. ఒక్కొక్కరి నోటి దగ్గరా ముక్కు పెట్టింది. ఈసారి పిల్లలు ఎగతాళికి వరసలో నిలబడలేదు. కొందరు పారిపోయారు. హుసేనయ్య మనవడు పారిపోలేకపోయాడు.

"వాసనే గదా మే" అన్నాడు హుసేనయ్య. "మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే."

"నేనూ అదే అన్నా ఆసుపత్రిలో. దిండు కింద చూడన్నా."

హుసేనయ్య చూశాడు. ప్లాస్టిక్ కవరు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ఆ పెద్దమనిషి ముఖం చూడలేకపోయానక్కా అని నాగులమ్మ నాకు చెప్పింది. ఇంకో ఇంట్లోనూ దొరికింది. ఆ రాత్రే కాలనీలో ఉన్న గొట్టాలన్నీ పోగేసి పూడ్చేశారు. ఇకమీదట ట్యూబులకు అతుకులు దయాసాగర్ దగ్గరే, ఇళ్ళలో సులేషను ఉండకూడదు అని హుసేనయ్య చెప్పాడు. బస్సులో ట్యూబులు మోసుకు తిరగాలా అని గొణిగినవాళ్ళూ ఉన్నారు. మోసుకు తిరుగుతున్నారు. ఆపద్ధర్మానికి ఒక్క గొట్టం మాత్రం నాగులమ్మ తన దగ్గరే దాచింది.

చిన్నాను నా షాపులో కూర్చోబెట్టుకోమని అడిగింది. బడి లేని రోజుల్లో, సెలవుల్లో వాడు నా దగ్గరే. హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం నేర్పాను. మొదట్లో సూదిలోకి దారం ఎక్కించలేకపోయేవాడు, చేతి వణుకు. నాకు కోపమొచ్చి నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. ఇప్పుడు నా కళ్ళకే కనబడదు, వాడే ఎక్కిస్తాడు. బయట బేసిను ముందు నుంచి నాగులమ్మ ఐదు నిమిషాలకోసారి తల లోపలికి పెట్టి, "ఉండాడా?" అంటుంది. "జేబులో వేసుకున్నాను, ఉండాడు పో" అంటాను. వాడు తలెత్తకుండా నవ్వుతాడు. కానీ కొన్ని రోజులు నవ్వడు. అలాంటి రోజున కత్తెర తీసి దాచేస్తాను, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కుడతాను.

కార్తీకంలో వానలు పడి చెరువు నిండింది. ఆ ఆదివారం పొద్దున నాగులమ్మ వల ఎత్తడానికి పోబోతే ట్యూబు గాలి పోయి చప్పబడి ఉంది. దయాసాగర్ ఊళ్ళో లేడు, పెళ్ళికి పోయాడు. మిగతావాళ్ళ ట్యూబులన్నీ చెరువులో ఉన్నాయి. ఎండెక్కితే వల్లో చేప మెత్తబడిపోతుంది, ఎవరూ కొనరు. దాచిన గొట్టం తీసింది. ఇంట్లో కాదు, కట్ట మీద, గాలి తోలే చోట కూర్చుంది. చిన్నాను వదిలి పోలేదు కనక వెంట తీసుకుపోయింది. గాలికి ఎగువన, దూరంగా నిలబడమంది.

ఆమెకు అతుకు పని రాదు. పూసీ పూయగానే ముక్క అంటించేసింది.

"అది నిలవదు మా" అన్నాడు చిన్నా దూరం నుంచి. రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడి ఉన్నాడు. "పీకెయ్. మళ్ళీ రుద్దు. బాగా రుద్దాల. పూసినాక వదిలెయ్, వేలు పెడితే అంటుకోకూడదు, అప్పుడు పెట్టు."

"నువ్వు ఇటు చూడొద్దు" అంది ఈమె.

"చూడకుండా ఎట్టా చెప్పేది? అది నిలవకపోతే నువ్వు మునిగిపోతావు."

వాడు చెప్తుంటే ఈమె చేసింది. వాడి ముక్కుపుటాలు అదురుతుండడం ఆమెకు కనబడుతూనే ఉంది. సుత్తితో తట్టి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి చూస్తే బుడగ రాలేదు. గబగబా ఎక్కి చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయింది. "ఆడే కూర్చో, కదలొద్దు, నేను నిన్ను చూస్తానే ఉంటా" అని అరుస్తూ పోయింది.

సగం దూరం పోయాక నడుము తడుముకుంది. గొట్టం లేదు. కట్ట మీద రాతి మీదే పెట్టి వచ్చేసింది.

ఇదంతా నాగులమ్మ తర్వాత నా షాపులో నిలబడి చెప్పింది. లోపల చిన్నా హుక్కులు కుడుతున్నాడు. ఆమె గొంతు తగ్గించలేదు, వాడూ తలెత్తలేదు. "ట్యూబు తిప్పుదామంటే తిరగదక్కా. గాలి ఎదురు. వాడు లేచినాడు. రాయి కాడికి పోయినాడు. చేతిలోకి తీసుకున్నాడు. ఆడనే నిలబడినాడు. ఎంతసేపు నిలబడినాడో. నేను అరుస్తుండా, నా గొంతు నాకే వినబడలేదు. మూత తీస్తుండాడేమో అనుకున్నా. మళ్ళీ వాళ్ళ నాయన మాదిరి నీళ్ళలోకి వస్తుండాడు. ఇంక అయిపోయిందనుకున్నా."

చిన్నా నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు, నడుము, గుండెలు. గొట్టం పట్టుకున్న చెయ్యి తలకు పైన ఎత్తి పట్టుకుని నడిచాడు. ఈమె పిచ్చిదానిలాగా నీళ్ళు తోసుకుంటూ వెనక్కి వచ్చింది. చెయ్యి అందే దూరానికి రాగానే వాడు గొట్టం ఆమె ముందుకు చాపాడు. మూత బిగించే ఉంది. వాడి దవడలు వణుకుతున్నాయి, చలికో దేనికో.

"ఇది మర్చిపోయినావు" అన్నాడు. "నా కాడ పెట్టి పోవద్దు మా. నా కాడుంటే నేను ఉండలేను."

ఆమె తీసుకుని రవికెలో దోపుకుంది. "హా అనమని కూడా అనలేదక్కా. ఎట్టా అనేది? నా చేతులకే ఆ వాసన. నా ముక్కు ఇంక దేనికీ పనికిరాదు" అంది నాతో. వల ఎత్తక తప్పదు కనక మళ్ళీ మధ్యలోకి పోయింది. తోసుకుంటూ, ప్రతి తోపుకూ తల వెనక్కి తిప్పి చూసుకుంటూ పోయింది.

వాడు గట్టెక్కలేదు. గుండెల్లోతు నీళ్ళలో అక్కడే నిలబడ్డాడు. ఆమె వల ఎత్తి తిరిగి వచ్చేదాకా రెండు చేతులూ పైకెత్తి ఉంచాడు, ఖాళీగా ఉన్నాయని తల్లికి అంత దూరం నుంచి కనబడేటట్టు.